పాత ఇంజను చమురుతొట్టి కాఱుట - కారణములు, మరమ్మతు

మెట్టసీమ రైతునకు బావియే నది, బావియే చెఱువు. రాయచోటి చుట్టుపట్టుల మాండవ్యనది యేడాదిలో పెక్కుమాసములు ఇసుకపాన్పుగనే యుండును. కావున వేరుసెనగ ఊడలు దిగునప్పుడును, టొమాటో కాయ పట్టునప్పుడును పదిదినములు వాన వెనుదీసినచో రైతుచూపు బావిమీదికే పోవును. అట్టి సమయమున నీటిని పైకి దెచ్చు సాధనము సిద్ధముగా లేకున్న, బావిలో నీరుండియు లేనట్లే యగును. ఆ సాధనమును చెఱచు కారణములలో మిక్కిలి చిన్నదిగా గనబడి, మిక్కిలి పెద్దనష్టము దెచ్చునదానిని గూర్చి యీ నెల వ్రాయుచున్నాము. అది చమురుతొట్టి అడుగున నుండి చుక్కచుక్కగా డీజిలు కాఱుట.

ఇంజను మనకు వచ్చిన విధము

పూర్వము నీరు తోడుపని కపిలది. ఎద్దులు వాలున దిగుచు మోకు లాగగా తోలుబాన పైకి వచ్చి నీరు తొట్టిలో బోయుచుండెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దమున చెన్నపట్టణ రాజధానిలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అను నధికారి ఇంజనులతో నీరు తోడించు ప్రయత్నములను ప్రోత్సహించెను. జర్మనీదేశమున రుడాల్ఫ్ డీజిలు తన ఇంజనును 1897లో జయప్రదముగా నడపి చూపెను. ఇంగ్లండులో లిస్టరు సంస్థవారు 1929లో వెలువరించిన మందవేగపు ఇంజనును జూచి, తరువాతికాలమున రాజకోటలోని కార్ఖానాలవారు అదే తీరు ఇంజనులను పెక్కింటిని చేసిరి. కిర్లోస్కరు ఆయిల్ ఇంజనుల సంస్థ 1946లో నేర్పడెను. ఇట్లు వచ్చిన ఇంజనులు మన బావుల గట్లమీద నొక తరమువఱకు పనిచేసినవి. పిమ్మట విద్యుత్తు మోటారులు వచ్చినవి. 2004లో సేద్యపు విద్యుత్తు ఉచితమైన పిదప పాత ఇంజను పెక్కు ఇండ్లలో పశులకొట్టపు మూల జేరెను.

అయినను దానిని పాతయినుమునకు అమ్మనివారు తెలివిగలవారే. ట్రాన్సుఫార్మరు కాలి వారము దినములు కరెంటు లేనప్పుడును, తీగ లేనిచోట కుంటనుండి నీరు తోడవలసినప్పుడును అదియే దిక్కు. కాని యేడాదిపాటు మూలనున్న ఇంజనును బయటికి దీసి డీజిలు పోసినతోడనే తొట్టి అడుగు తడియగుట మనము తఱచుగా జూచుచున్నాము. అప్పటికప్పుడు సబ్బుముక్క యద్ది, గుడ్డపేలిక చుట్టి, పని గడపుదురు. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినట్లు గాక, ఈ మరమ్మతును తీరిక దినములలోనే చేసికొనవలయును.

చుక్కల లెక్క

"చుక్కయే కదా" యనువారు ఈ లెక్కను జూడవలెను. క్షణమునకు (సెకండునకు) ఒక చుక్క చొప్పున కాఱినచో దినమునకు 86,400 చుక్కలు. నలువది చుక్కలు కలిసి యొక మిల్లీలీటరగు ననుకొన్నను దినమునకు రెండు లీటరులు మించును. అయిదు గుఱ్ఱపుబలముల ఇంజను నిండుబరువుమీద గంటకు రమారమి యొక లీటరు డీజిలు త్రాగును. అనగా ఒక దినపు కాఱుడు రెండుగంటల నీటితో సమానము. మా లెక్కను నమ్మ నక్కఱలేదు. కాఱుచోట క్రింద నొక డబ్బా నుంచి, సరిగా ఒక గంట తరువాత కొలిచి, ఇరువదినాలుగుతో హెచ్చింపుడు. మీ ఇంజనే మీకు సత్యము చెప్పును.

ఇది ధననష్టము మాత్రమే. కొళాయి దాటిన తరువాత గొట్టపు అతుకులు వదులైనచో, ఇంకొక చిక్కు గలదు. తొట్టిలో చమురు తగ్గినప్పుడు ఆ సందుగుండ గాలి లోనికి జొరబడును. అప్పుడు ఇంజను ఒకసారి పరుగెత్తి, ఒకసారి మందగించి, తుదకు ఆగిపోవును. రైతు నాజిలు చెడెనని తలచి మెకానిక్కునకు కూలి యిచ్చుకొనును. దోషము మాత్రము పదిరూపాయల వాషరులో నుండును.

బావిలోని అపాయము

డీజిలు పెట్రోలువలె వెంటనే భగ్గున మండదని మనవారు ధైర్యము చెప్పుకొందురు. చల్లనిచోట నది కొంతవఱకు నిజమే. కాని డీజిలు ఆవిరి నిప్పు తగిలి అంటుకొను వేడిమి 35 డిగ్రీల సెంటిగ్రేడునకు తక్కువ కారాదని మాత్రమే మన దేశపు ప్రమాణము చెప్పుచున్నది. మన సీమలో వేసవి మధ్యాహ్నము నీడలోనే 40 డిగ్రీలు దాటుచుండును. కాగిన ఇంజను ప్రక్కను, పొగగొట్టము చెంతను వేడిమి యెంతయుండునో చెప్పనక్కఱలేదు. చమురుతో దడిసిన గుడ్డపేలిక వత్తివంటిది. అది మఱింత సులభముగా అంటుకొనును.

డీజిలు ఆవిరి గాలికంటె బరువైనది. అందువలన పల్లమునకు దిగి అక్కడనే నిలుచును. సముద్రమునందును గోదావరిలోను తిరుగు మరపడవలవారు ఈ సంగతి బాగుగ నెఱుగుదురు. పడవ అడుగుకు దారి లేదు గనుక తొట్టినుండి కాఱిన చమురంతయు అడుగుపలకలక్రింద చేరి యుండును. బావియు పడవవంటిదే. నీరు లోతునకు బోయినకొలది ఇంజనును బావిలోపలి మెట్టుమీదికి దించుకొను నలవాటు మనలో గలదు. అట్టిచోట తొట్టి కాఱినచో ఆవిరి లోపలనే నిలుచును. కాఱిన చమురు నీటిమీద తెట్టుగా గట్టి త్రాగునీటినిగూడ చెఱచును.

దీనికితోడు ఇంజను పొగలో రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గలదు. లోపల దీపము వెలుగుచున్నంత మాత్రమున ఆ వాయువు లేదని యనుకొనరాదు. ఇంజను నడచుచుండగా మరమ్మతునకై బావిలోనికి దిగవలదు. నిలిపిన వెంటనేయు దిగవలదు. లోపలివాడు సోలిపోయినచో అతని వెంట మఱియొకడు ఊపిరి పట్టుకొని దిగుట రెండవ ప్రాణమును గూడ బలియిచ్చుటయే. ఇట్లగుటవలన, మరమ్మతునకు ముందు తొట్టిని విప్పి గట్టుమీదికి తెచ్చుట యుత్తమము.

భాగములను గుర్తించుట

పాత ఇంజనులలో తొట్టి పైనుండును. చమురు తన బరువుచేతనే క్రిందికి దిగును. తొట్టి అడుగున మరచుట్లు గల దళసరి బిళ్ల యొకటి అతికింపబడియుండును. దానిలో ఇత్తడికొళాయి బిగింపబడును. కొళాయి రెండవకొనకు రాగిగొట్టము కలిసియుండును. ఆ గొట్టపు కొనయందు చిన్న ఇత్తడికడియ ముండును. బిగింపునట్టు ఆ కడియమును కొళాయి గూటికి నొక్కి పట్టును. గొట్టము వడపోతగిన్నెకు, అచటినుండి చమురుపంపునకు బోవును.

కావున కాఱుటకు వీలుగల తావులు అయిదు: బిళ్లకును కొళాయికిని నడుమ మర; కొళాయి తిరుగుడుబిరడా; గొట్టపు బిగింపునట్టు; బిళ్ల చుట్టునున్న అతుకు; తొట్టి అడుగురేకు. ఈ యైదింటికిని మందు వేఱువేఱు. ఏది కాఱుచున్నదో తెలియక అన్నిటిని బిగించుట, రోగ మెఱుగక మందు పోయుటవంటిది.

కాఱుచోటు కనుగొనుట

చమురు ఒకచోట పుట్టి మఱియొకచోట చుక్కగా రాలును. గొట్టమువెంట జాఱి వంపువద్ద రాలుటచేత వంపే చిల్లిపడినదని భ్రమ కలుగును. కావున ఇట్లు చేయుడు. ఇంజను చల్లాఱిన తరువాత కొళాయి, బిళ్ల, గొట్టము పొడిగుడ్డతో బాగుగ తుడువుడు. తడియంతయు నాఱిన పిదప వానిమీద మెత్తని ముగ్గుపిండిని పలుచగా చల్లుడు. కొంతసేపు వేచి చూచినచో పిండి యెచట మొదట నల్లబడునో అదియే పుట్టుచోటు. పలుచోట్ల తడియైనచో అన్నిటికంటె పైనున్న తడినే నమ్మవలెను. చమురు పైకి పాఱదు గదా.

ముందు కొళాయి మూసి యొకసారియు, తెఱచి యొకసారియు చూడవలెను. మూసినప్పుడును కాఱినచో దోషము తొట్టియందో, బిళ్లయందో, కొళాయియందో యున్నది. తెఱచినప్పుడు మాత్రమే కాఱినచో కొళాయి బిరడాయందో, దాని క్రిందివైపుననో యున్నది.

ఇచట నొక హెచ్చరిక. చమురుపంపునుండి నాజిలునకు బోవు ఉక్కుగొట్టము వేఱు. దానిలో ఒత్తిడి మిక్కిలి హెచ్చు. ఇంజను నడచుచుండగా ఆ గొట్టపు కాఱుడును వ్రేలితో తడిమిచూడరాదు. ఆ ధార చర్మమును దూసికొని లోనికి బోగలదు.

మరమ్మతు విధము

ముందుగా చుట్ట, బీడీ, పొయ్యి దూరముగా నుంచుడు. ఒక బొక్కెన ఇసుక దగ్గఱ నుండవలెను. మండుచున్న చమురుమీద నీరు పోసినచో మంట వ్యాపించును, ఇసుకయే దానికి విరుగుడు. తొట్టిలోని డీజిలును మూతగల డబ్బాలోనికి దించి, ఇంజనుకు దూరముగా బెట్టుడు.

మొదటిది, బిగింపునట్టు. ఇచట చమురు నాపునది మర గాదు, కడియము గూటిలో సరిగా కూర్చుండుట. కావున ఈ మరకు నూలు చుట్టుటయు టేపు చుట్టుటయు వ్యర్థము. నట్టు విప్పి కడియమును, గూటిని మెత్తనిగుడ్డతో తుడిచి చూడుడు. కడియముపై గీత గాని నొక్కు గాని యున్నచో క్రొత్తది వేయవలెను. గొట్టపుకొన వంకరగా తెగియున్నచో సమముగా కోసి, అంచునున్న గరుకును ఆకురాయితో తీసి, రాగిపొడి లోపల మిగులకుండ ఊదివేయవలెను. గొట్టము తనంతట తానే గూటికెదురుగా వచ్చునట్లు ముందు వంచుకొని, పిమ్మట నట్టును చేతితో త్రిప్పవలెను. చేతికి సులభముగా ఎక్కిన నట్టును తుదకు పానాతో బిగింపవచ్చును. వంకరగొట్టమును నట్టుబలముతో లాగి కూర్చినచో నాలుగుదినములలో మరల కాఱును. రాగివాషరు లున్నచోట పాతవానినే వాడవలసివచ్చినచో, వానిని విప్పి ఇంజనుకు దూరమున ఎఱ్ఱగా కాల్చి చల్లార్చుడు. రాగి మరల మెత్తబడి చక్కగా నదుముకొనును.

రెండవది, కొళాయి మర. కొళాయిని విప్పునప్పుడు రెండు పానాలు కావలెను. ఒకటి బిళ్లను కదలకుండ పట్టుటకు, రెండవది కొళాయిని త్రిప్పుటకు. ఒక్క పానాతో బలవంతము చేసినచో బిళ్ల చుట్టునున్న అతుకు పగిలి, చిన్నపని పెద్దదగును. మరలను తీగకుంచెతో శుభ్రపఱచి తడి లేకుండ తుడిచి, స్పిరిటులో కరగించిన లక్కను పలుచగా పూయవలెను. లక్క స్పిరిటులో కరగును గాని డీజిలులో కరగదు. తెల్లని టెఫ్లాను టేపు వాడువారు మర యెక్కు దిక్కుననే చుట్టి, మొదటి రెండు చుట్లను విడువవలెను. లేనిచో టేపుపోగులు తెగి లోనికిబోయి చమురుదారి నడ్డగించును. బిగించిన తరువాత పిడి అనుకూలముగా లేదని వెనుకకు త్రిప్పరాదు. త్రిప్పినచో మరల విప్పి మొదటినుండి చేయవలసినదే. లక్కపూత ఒకరాత్రి యాఱిన పిదపనే చమురు పోయుడు.

మూడవది, కొళాయి బిరడా. పాత ఇత్తడికొళాయిలలో కొనదేఱిన బిరడా తిరిగి తిరిగి యరిగిపోవును. దానిక్రింది నట్టును పావుచుట్టు బిగించి చూడవచ్చును. అప్పటికిని కాఱినచో బిరడాకు సన్నని రుద్దుడుముద్ద రాచి గూటిలో మెల్లగా అటునిటు త్రిప్పి, రెండును సమముగా అదుముకొనునట్లు చేయవచ్చును. పిమ్మట ఆ ముద్ద రవ్వంతయు మిగులకుండ కడుగవలెను. అది చమురుపంపులోనికి బోయిన నష్టము కొళాయివెలకు పదిరెట్లు. గీతలు లోతైనచో క్రొత్తకొళాయి కొనుటయే లాభము.

నాలుగవది, రబ్బరు. సైకిలుట్యూబు కోసి వాషరుగా వేయుట మన పల్లెలలో మిక్కిలి వాడుక. నీటికొళాయికి అది మంచిదే. డీజిలులో మాత్రము సహజరబ్బరు ఉబ్బి, మెత్తబడి, తుదకు ముద్దయై గొట్టమున కడ్డుపడును. చమురునకు తట్టుకొను నైట్రైలు రబ్బరువాషరు గాని, ఫైబరువాషరు గాని, రాగివాషరు గాని వాడవలెను. జస్తాపూత గల గొట్టములును డీజిలునకు తగవు. జస్తాతో కలిసి చమురు జిగట మడ్డియై వడపోతను మూసివేయును.

తొట్టియే చిల్లిపడినచో

డీజిలు నీటికంటె తేలిక. అందుచేత తొట్టిలో చేరిన నీరు అడుగున నిలిచి రేకును లోపలినుండి త్రుప్పు పట్టించును. సగము తొట్టితో మూలబెట్టిన ఇంజనులలో రాత్రి చలికి తేమ గడ్డకట్టి నీటిబొట్టులై, ఇట్లు చేరును. అడుగురేకు పలుచనైనచో పైపూతలవలన ప్రయోజనము లేదు. గట్టిపడు ముద్దలు చమురుతడి యున్నచోట అంటుకొనవు. బాగుగ కడిగి, ఆరబెట్టి, గరుకుచేసి వేసినను అవి కొన్నిదినముల గడుపుకు మాత్రమే.

కొందఱు తొట్టిని సైకిలుకు గట్టుకొని తిన్నగా వెల్డింగు దుకాణమునకు తీసికొనిపోవుదురు. ఈ వ్యాసములో నేది మఱచినను దీనిని మాత్రము మఱవవలదు: నిండినతొట్టికంటె ఖాళీతొట్టి యెక్కువ యపాయకరము. చమురు నిండియున్నచోట గాలికి తావు తక్కువ. ఖాళీతొట్టిలో రేకుకంటిన తడినుండి ఆవిరి లేచి గాలితో కలిసి మందుగుండువలె సిద్ధముగా నుండును. నిప్పు తగిలినచో తొట్టి బ్రద్దలై రేకు ముక్కలు ఎగురును. ఒకసారి నీటితో తొలిచినంత మాత్రమున ఈ యపాయము పోదు.

అతుకు వేయింపక తప్పనిచో కొళాయిని, మూతను పూర్తిగ తీసి, బట్టలసోడా కలిపిన వేడినీటితో పలుమాఱులు కడిగి, వాసన లేకుండ చేయవలెను. పనిచేయుచోటు మాత్రము పైకుండునట్లు తొట్టిని త్రిప్పిపెట్టి, దానికి కొంచెము దిగువవఱకు నీరు నింపవలెను. ఆవిరి పోవుటకు ఒక రంధ్రము తెఱచియే యుండవలెను. ఈ పని యెఱిగిన పనివానిచేతనే, బయలునందే చేయింపవలయును. "ఇందులో నుండినది డీజిలు" అని పనివానికి నోటితో చెప్పుట మీ ధర్మము. ఇన్ని కట్టుబాట్లు కుదురనిచో పాతతొట్టికి స్వస్తిచెప్పి క్రొత్తది కొనుడు. తొట్టి వెల యెంతైనను మనిషి చేతికంటె, కంటికంటె ఎక్కువ కాదు.

మరల నడపుట

అన్నియు బిగించిన తరువాత తొట్టిలో కొంచెము డీజిలు పోసి ముగ్గుపిండి పరీక్షను మరల చేయుడు. పిండి తెల్లగానే నిలిచినచో మరమ్మతు నెఱవేఱినది. గొట్టములో చేరిన గాలిని తీయుట తరువాతిపని. కొళాయి తెఱచి, వడపోతగిన్నెపైనున్న గాలిమరను కొంచెము వదులుచేయుడు. మొదట బుడగలతో నురుగు వచ్చును. బుడగలు నిలిచి చమురు తిన్నగా వచ్చినప్పుడు మరను బిగింపుడు. చమురుపంపుమీది గాలిమరకును ఇదే విధము. కాఱిన చమురును తుడిచివేసిన పిదపనే ఇంజనును త్రిప్పవలెను. ఒకగంట నడపి, ఆపి, అతుకులను మఱియొకసారి చూడవలెను.

మరల కాఱకుండుటకు కారణమును తొలగింపవలెను. కాఱుటకు మూలము తఱచుగా అదురు. తొట్టిని పట్టు చట్రపు బోల్టులు వదులైనచో తొట్టి యొక తీరున, ఇంజను మఱియొక తీరున అదరి, నడుమనున్న గొట్టము బాధపడును. చట్రమును బిగించి, తొట్టిక్రింద దళసరి రబ్బరుపట్టీ వేసి, రాగిగొట్టమును ఒక చుట్టు సుడిగా త్రిప్పినచో అదురును ఆ సుడి భరించును. మూలబెట్టు ఇంజను తొట్టిని పూర్తిగ నింపియైన నుంచవలెను, పూర్తిగ దించి ఆరబెట్టియైన నుంచవలెను. సగము తొట్టి త్రుప్పునకు పుట్టినిల్లు.

సంఘములు చేయదగినది

పై పనులకు కావలసినవి రెండు పానాలు, తీగకుంచె, ఆకురాయి, కొన్ని కడియములు, వాషరులు, లక్క. ఒక్కొక్క రైతు వీనినన్నిటిని కొననక్కఱలేదు. ఒక గ్రామపు సహకారసంఘము ఒక పెట్టెలో వీనిని ఉంచి, పుస్తకములో వ్రాసికొని యెరువిచ్చినచో ఊరికంతకును చాలును. కడియములును వాషరులును ఇంజనునుబట్టి కొలత మాఱును గావున, సభ్యుల ఇంజనుల పేరు, కొలత ముందుగా వ్రాసియుంచుకొని మొత్తముగా తెప్పించుట మేలు. గాలివీడు, లక్కిరెడ్డిపల్లె, సంబేపల్లె, చిన్నమండెము గ్రామములవారు విడిభాగమునకై పట్టణమునకు పోయివచ్చుసరికి ఒక దినపు నీరు పోవుచున్నది గదా.

వానకాలపు విత్తనము వేయుటకు ముందుగా సంఘసభ్యులు ఒక దినము నిర్ణయించుకొని, మూలనున్న ఇంజనులను బయటికి దీసి, పిడికెడు ముగ్గుపిండితో ఒక్కొక్కదానిని పరీక్షింపుడు. ఆ దినమున కనబడిన తడిని ఆ దినముననే కట్టినచో, ఊడలు దిగువేళ మీ నీరు మీ చేనికే పాఱును.